హలాల్ లాభం, హరామ్ మిత్తి, మధ్యలో అప్పులోడు

ముస్లింకూ వడ్డీకీ ఉన్న సంబంధం గురించి తెలుగు సమాజం దగ్గర రెండు బొమ్మలున్నాయి. ఒకటి రోహిల్లా బొమ్మ. తలపాగా, చేతిలో కర్ర, అప్పు తీసుకున్నవాడి గుమ్మం ముందు కూర్చుని అసలూ మిత్తీ రాబట్టుకునేదాకా కదలని మనిషి. రెండోది నమాజీ బొమ్మ. బ్యాంకు ఖాతాలో పడ్డ వడ్డీని ముట్టుకోనివాడు, ముట్టుకున్నా మరుగుదొడ్డి కట్టించడానికో బీదవాడికి ఇచ్చేయడానికో తప్ప సొంతానికి వాడుకోనివాడు. మొదటి బొమ్మ చూపించి మనల్ని క్రూరులంటారు. రెండో బొమ్మ చూపించి అమాయకులంటారు. ఒకే జనం మీద ఈ రెండూ ఎట్లా అతికాయని మాత్రం ఎవరూ అడగరు.

ఈ రెండు బొమ్మల్లోనూ లేని మనిషి ఒకడున్నాడు. అప్పు తీసుకున్న ముస్లిం. తోపుడుబండి మీద పండ్లమ్మేవాడు, పరుపులు కుట్టే దూదేకుల సాయిబు, ఆటో నడిపేవాడు, ఇంట్లో కూర్చుని జరీ పని చేసే ఆడమనిషి. వడ్డీ హరామ్ అనే మాట మన ఇళ్లల్లో పుట్టిన దగ్గర్నుంచీ వింటాం. ఆ మాట ఎవరిని కాపాడటానికి వచ్చింది, ఇవాళ ఎవరి నెత్తిన కూర్చుంది అన్నది నా ప్రశ్న. ఇది మతశాస్త్రం చెప్పే వ్యాసం కాదు. నేను ఆలిమ్‌ను కాను. కానీ ఒక నియమం సమాజంలో ఎట్లా బతుకుతోందో చూసి విమర్శించడానికి దస్తార్‌బందీ జరిగి ఉండాల్సిన పని లేదు.

ముందు రోహిల్లా సంగతి తేల్చుకుందాం. పంతొమ్మిదో శతాబ్దపు హైదరాబాద్ రాజ్యంలో అరబ్బు జమాదార్లు, రోహిల్లాలు సిపాయి కొలువుతోపాటు వడ్డీ వ్యాపారమూ చేశారు. అప్పు తీరని జాగీర్లను, గ్రామాల ఆదాయాలను తమ కింద పెట్టుకున్నారు. సాలార్‌జంగ్ దివాన్‌గిరీ చేసిన రోజుల్లో వాళ్లను అదుపు చేయడమే ఒక పెద్ద పాలనా సమస్య. ఇది చరిత్ర. దాచాల్సింది కాదు. ముస్లింలు వడ్డీ తీసుకోలేదని చెప్పుకోవడం ఒట్టి గొప్ప. అయితే అదే రాజ్యంలో సాహుకార్లు, మార్వాడీలు, దేశ్‌ముఖ్‌లు కూడా వడ్డీకి ఇచ్చారు. విత్తనాలకు గింజలిచ్చి పంటమీద ఒకటికి ఒకటిన్నర కొలిపించుకున్న నాగు వడ్డీ పల్లెపల్లెనా నడిచింది. వాళ్లెవరికీ వాళ్ల మతం పేరుతో బొమ్మ తయారు కాలేదు. సాహుకారు వడ్డీ వ్యాపారం, రోహిల్లా వడ్డీ దౌర్జన్యం అయ్యాయి. మాటల్లోనే పక్షపాతం కుదురుకుంది.

కాబూలీవాలాది ఇంకో కథ. టాగూర్ 1892లో రాసిన ఆ కథలో రహమత్ ఎండుఫలాలమ్ముకునే మనిషి. అతను జైలుకు పోయింది వడ్డీ గొడవలో కాదు. ఒకడికి అరువు మీద అమ్మిన శాలువా డబ్బు అడిగితే, కొన్నవాడు అసలు కొననేలేదని అబద్ధమాడాడు. ఆ కోపంలో కత్తి లేచింది. అంటే రహమత్‌ది మన ఫిఖ్ ప్రకారం బై, అంటే అమ్మకం. అరువు అమ్మకం. కానీ మన నోళ్లలో కాబూలీవాలా అంటే వడ్డీవాడే అయిపోయాడు. నిజం కాబూలీల్లో వడ్డీకి తిప్పినవాళ్లు లేకపోలేదు. అయినా ఒక కథలోని వర్తకుణ్ణి కూడా వడ్డీవాడిగానే గుర్తుపెట్టుకున్న సమాజానికి, వర్తకానికీ వడ్డీకీ తేడా చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ తేడా ఏమిటి? మన సెక్యులర్ మిత్రులు నవ్వుతూ అడిగే ప్రశ్న ఒకటుంది. వంద రూపాయల సరుకు నూట ఇరవైకి అమ్మితే హలాల్, వంద రూపాయలిచ్చి నూట ఇరవై తీసుకుంటే హరామ్. ఇది పేరు మార్పు తప్ప ఇంకేమిటి? తామే మొదట కనిపెట్టినట్టు అడుగుతారు. కానీ ఈ ప్రశ్న పద్నాలుగు వందల ఏళ్ల పాతది. ఖురాన్‌లో రిబాను నిషేధించి వర్తకాన్ని అనుమతించిన రెండో సూరా 275వ ఆయత్‌లోనే, వర్తకం కూడా రిబాలాంటిదే కదా అని వాదించినవాళ్ల ప్రస్తావన ఉంది. మక్కా వడ్డీ వర్తకుల వాదమూ నేటి మేధావుల వాదమూ ఒకటే అయ్యాయి. తేడా ఏమంటే వాళ్లు వడ్డీని కాపాడుకోవడానికి అడిగారు, వీళ్లు మన మీద నవ్వడానికి అడుగుతున్నారు.

లెక్క వేసి చూద్దాం. పండ్లమ్మే మనిషికి మామిడి సీజనుకు పదివేలు కావాలి. ఒకడు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి ఇచ్చాడు. మూడు నెలలకు తొమ్మిది వందలు. వానకు కాయ కుళ్లినా తొమ్మిది వందలే, మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయినా తొమ్మిది వందలే, పిల్లాడికి జ్వరమొచ్చి పదిరోజులు బండి కదలకపోయినా తొమ్మిది వందలే. ఇంకొకడు అవే పదివేలు ముదారబా పద్ధతిలో ఇచ్చాడు. సొమ్ము ఒకరిది, కష్టం ఒకరిది. వచ్చిన లాభంలో చెరి సగం. సీజను బాగుండి నాలుగు వేలు మిగిలితే సొమ్ము పెట్టినవాడికి రెండు వేలు. గమనించండి, ఇది మిత్తి కన్నా రెట్టింపుకు పైనే. అదే నాలుగు వేలు నష్టమొస్తే సొమ్ము పెట్టినవాడు ఆరువేలు పట్టుకుని ఇంటికి పోవాలి. బండివాడికి మూడు నెలల కష్టం పోయింది. నిర్లక్ష్యమో మోసమో చేస్తే తప్ప ఆ నాలుగు వేలు అతని మీద వేయడానికి వీల్లేదు. అతని పెళ్లాం ముక్కుపుడక మీదికి ఎవరూ రాకూడదు.

ఇదీ తేడా. హలాల్ అంటే తక్కువ రేటు కాదు. హరామ్ అంటే ఎక్కువ రేటు కాదు. నష్టం ఎవరి మీద పడుతుంది అన్నదే గీత. ఫిఖ్‌లో దీనికి చిన్న సూత్రముంది: అల్ ఖరాజ్ బిజ్జమాన్. నష్టానికి బాధ్యత పడ్డవాడికే రాబడి మీద హక్కు. లాభాన్ని వాటాగా మాట్లాడుకోవచ్చు, ఇంత మొత్తమని ముందే ఖాయం చేసుకోకూడదు. ఖాయం చేసుకున్న మరుక్షణం సొమ్ము పెట్టినవాడు వ్యాపారంలోంచి లేచిపోయి అప్పిచ్చినవాడి గద్దె మీద కూర్చుంటాడు.

వాయిదాల అమ్మకం సంగతి ఇంకాస్త చిక్కు. కుట్టు మిషన్ నగదుకు ఎనిమిది వేలు, వాయిదాల మీద తొమ్మిది వేలు. ఆ వెయ్యి ఏమిటి, వడ్డీ కాదా? చాలామంది ఫుకహా కాదన్నారు. రెండు షరతుల మీద. ఒకటి, అమ్మేవాడి దగ్గర మిషన్ ఉండాలి, దాని బాధ్యత అతని మీద ఉండాలి. లేని సరుకు అమ్మకూడదు. రెండు, బేరం కుదిరే నాటికి ఏదో ఒక ధర మీద నిలబడాలి. తొమ్మిది వేలన్నాక, కొన్న ఆమె రెండు నెలలు కట్టలేకపోయినా అది తొమ్మిది వేలే. తొమ్మిదివేల రెండొందలు కాదు. అమ్మకంలో ధర ఒకసారి మూతపడుతుంది. అప్పు మీద మిత్తి మూతపడదు, అది కాలంతోపాటు పెరుగుతూ ఉంటుంది. జాహిలియా కాలపు రిబా ఇదే. గడువు వచ్చాక, కడతావా లేక మొత్తం పెంచమంటావా అని అడగడం. మూడో సూరా 130వ ఆయత్ రెట్టింపుల మీద రెట్టింపులు చేసి తినడాన్ని వద్దన్నదీ ఇందుకే. మన చక్రవడ్డీ అంటే అదే.

అప్పుల భాషలో తెలుగుకూ మనకూ ఉన్న బంధుత్వం ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. అసలు, బాకీ, వసూలు, జమ, కిస్తు, జామీను అరబ్బీ నుంచి వచ్చి తెలుగైపోయిన మాటలు. రసీదు ఫారసీ. వడ్డీ మాత్రం సంస్కృతం వృద్ధి నుంచి వచ్చింది. అసలు అనే మాటను తెలుగు రైతు ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడండి. అసలు సంగతేమిటి అని నిజాన్ని కూడా ఆ మాటతోనే అడుగుతాడు. రెండో సూరా 279వ ఆయత్ చెప్పేదీ అసలు గురించే. నీ అసలు నువ్వు తీసుకో, అన్యాయం చేయకు, అన్యాయానికి గురి కాకు అన్నదే దాని సారాంశం. అప్పిచ్చినవాడి హక్కు అసలు దగ్గర ఆగుతుంది.

ఇక్కడొక సంగతి సెక్యులర్ పాఠకులు గుర్తుంచుకోవాలి. వడ్డీ మీద శంక ఒక్క ఇస్లాందే కాదు. యూదుల ద్వితీయోపదేశకాండం తనవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని చెప్పి, పరాయివాడి దగ్గర తీసుకోవచ్చంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం నెల వడ్డీని వర్ణాన్నిబట్టి నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదుగా నిర్ణయించింది. బ్రాహ్మణుడికి రెండు, శూద్రుడికి అయిదు. లేనివాడి మీద ఎక్కువ, ఉన్నవాడి మీద తక్కువ. ఈ దేశంలో పరపతికి కులం ఉందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దాని పక్కన పెట్టి చూడండి. ముహమ్మద్ ప్రవక్త (స) చివరి హజ్ ప్రసంగంలో జాహిలియా రిబాను రద్దు చేస్తూ మొదట రద్దు చేసింది తన సొంత బాబాయి అబ్బాస్‌కు రావలసిన వడ్డీని. నియమం పరాయివాడితో మొదలు కాలేదు. సొంత ఇంట్లో మొదలైంది.

మరి మన ఇళ్లల్లో, మన రాజ్యంలో ఏం జరిగింది? ఇమామ్ అబూ హనీఫా పొలాన్ని పంటలో వాటాకు కౌలుకివ్వడాన్నే ఒప్పుకోలేదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఒప్పుకున్నారు, ఫత్వా వాళ్ల మాట మీదే నడిచింది. దక్కన్ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. ఆ పెద్ద ఇమామ్ శంకను జాగీర్దారు మీద నిలిపి ప్రశ్నించడం ఎందుకు ఒక సంప్రదాయం కాలేకపోయింది? దున్నకుండా, విత్తకుండా, కరువును పంచుకోకుండా తీసుకునే కౌలు ఏ లెక్కన హలాల్ అన్న ప్రశ్న మింబర్ మీద కన్నా పొలాల్లోనే గట్టిగా లేచింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు చేసింది ఫత్వా కాదు, చట్టం. ఆ చట్టం వెనక రైతుల పోరాటముంది.

వడ్డీ విషయంలోనూ అంతే. నిజాం సర్కారు వడ్డీని నిషేధించలేదు. 1349 ఫసలీలో, అంటే 1940 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చి లైసెన్సులు పెట్టింది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు స్థాపించింది. అది వడ్డీ బ్యాంకే. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయేదాకా తెలంగాణ ఉద్యోగుల జీతాలు అందులోనే పడ్డాయి. ముస్లిం పాలన అంటే షరియత్ పాలన అని ప్రచారం చేసేవాళ్లు, ఆ కాలాన్ని స్వర్ణయుగమని కలగనే మనవాళ్లు ఇద్దరూ ఈ సంగతి పక్కన పెడతారు.

అదే హైదరాబాద్‌లో ఇంకో పని కూడా జరిగింది. దాన్ని మనం సరిగా గుర్తుపెట్టుకోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1946లో ఇస్లాం, వడ్డీ సిద్ధాంతం మీద ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించాడు. పాశ్చాత్య అర్థశాస్త్రం వడ్డీకి చెప్పే సమర్థనలను ఎదుర్కొంటూ రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, తర్వాత పారిస్‌లో స్థిరపడ్డ డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1940ల్లోనే హైదరాబాద్ వడ్డీలేని పరపతి సంఘాల గురించి ఉర్దూలో రాశాడు. ఇస్లామిక్ బ్యాంకింగ్ అనే మాట గల్ఫ్ చమురు డబ్బుతో ప్రపంచానికి తెలియకముందే, మన నగరంలో దాని మీద ఆలోచనా ఆచరణా రెండూ ఉన్నాయి. ఆ రెండు పేర్లూ మన తెలుగు మేధావులకు తెలియవు. ఉర్దూలో రాసిందేదీ ఈ గడ్డ ఆలోచన కాదనుకోవడం మనకలవాటు.

తర్వాత సంగతి ప్రపంచానికంతా తెలుసు. 1963లో ఈజిప్టులో మిత్ గమ్ర్ అనే చోట అహ్మద్ నజ్జార్ చిన్న రైతుల కోసం వడ్డీలేని పొదుపు బ్యాంకు పెట్టాడు. 1975లో జిద్దాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు, అదే ఏడు దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చాయి. రైతు దగ్గర మొదలైనది షేకుల దగ్గరికి చేరింది. పుస్తకాల్లో ముదారబా, ముషారకా గురించి రాశారు. బ్యాంకుల్లో ఎక్కువగా నడిచింది మురాబహా. అంటే ఖాతాదారుకు కావలసిన సరుకును బ్యాంకు కొని, లాభం కలిపి, వాయిదాల మీద అతనికే అమ్మడం. కుట్టు మిషన్ లెక్కే. కానీ ఆ సరుకు బ్యాంకు చేతిలో ఎంతసేపుంటుంది? కాగితం మీద ఒక క్షణం. ఆ క్షణంలో నష్టమొచ్చే అవకాశం ఎంత? దాదాపు సున్న. లాభం శాతం దేన్ని చూసి నిర్ణయిస్తారు? చాలాచోట్ల మార్కెట్ వడ్డీ రేటును చూసి.

ఇంకా ముందుకు పోయి తవర్రుఖ్ అనేదొకటి తెచ్చారు. నగదు కావలసినవాడికి బ్యాంకు ఏదో లోహం అరువు మీద అమ్ముతుంది. దాన్ని అతని తరఫున తనే ఇంకొకరికి నగదుకు అమ్మిపెడుతుంది. చివరికి అతని చేతిలో నగదు, నెత్తిన అంతకన్నా పెద్ద బాకీ. లోహాన్ని అతను చూసింది లేదు, అది కదిలింది లేదు. 2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ ఇట్లాంటి ఏర్పాటు చేసిన తవర్రుఖ్ చెల్లదని తీర్మానించింది. అంటే సెక్యులర్ మిత్రుడు నవ్వుతూ అడిగిన ప్రశ్నకు ఈ బ్యాంకులు బలం చేకూర్చాయి. మాట మార్చి మిత్తి తీసుకుంటే అది పేరు మార్పే. తప్పు సూత్రానిది కాదు, సూత్రాన్ని వకీలు చేతికిచ్చినవాళ్లది.

ఉలమా అంతా ఒకే మాట మీద ఉన్నారనుకోవడమూ సరికాదు. 1989లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ తంతావీ ప్రభుత్వ పెట్టుబడి పత్రాల మీద ముందే ఖాయం చేసిన రాబడి చెల్లుతుందన్నాడు. చాలామంది ఉలమా ఆయన్ను ఖండించారు. పాకిస్తాన్‌లో ఫెడరల్ షరియత్ కోర్టు 1991లో బ్యాంకు వడ్డీ రిబాయేనని తీర్పిచ్చింది. 1999లో సుప్రీంకోర్టు షరియత్ బెంచ్ దాన్ని నిలబెట్టింది. 2002లో అదే కోర్టు దాన్ని పక్కన పెట్టి కేసును వెనక్కి పంపింది. 2022లో షరియత్ కోర్టు మళ్లీ అదే తీర్పిచ్చింది. ఇస్లాం పేరుతో ఏర్పడ్డ దేశం ముప్పై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ ముప్పై ఏళ్లూ అక్కడి రైతు వడ్డీ కడుతూనే ఉన్నాడు.

మన దేశంలో చట్టమే దారికి అడ్డం. 1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయకూడదంటుంది. ఇక మురాబహా ఎక్కడ? 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌ను కూడా ఆర్థిక వ్యవస్థలోకి తీసుకురావాలని సిఫారసు చేసింది. అందరికీ ఆర్థిక సేవలు అందాలంటే అదీ ఒక దారి అన్న దృష్టితో చేసిన సిఫారసు అది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోకూడదని నిర్ణయించుకున్నట్టు సమాచార హక్కు కింద చెప్పింది. కేరళలో ప్రభుత్వ భాగస్వామ్యంతో పెట్టబోయిన వడ్డీలేని ఆర్థిక సంస్థ మీద సెక్యులరిజానికి విరుద్ధమని కేసు వేస్తే, 2011లో హైకోర్టు ఆ వాదన కొట్టేసింది. లాభనష్టాలు పంచుకోవడం ఎవరి సెక్యులరిజానికి విరుద్ధం? షేర్ మార్కెట్ చేసేదీ అదే కదా.

తలుపులన్నీ మూసి ఉన్నచోట మోసగాళ్ల కిటికీలు తెరుచుకుంటాయి. హలాల్ పెట్టుబడి పేరుతో డబ్బు సేకరించిన హైదరాబాద్ హీరా గ్రూపు అధినేత 2018లో అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ సంస్థ యజమాని దేశం వదిలిపోవడంతో వేలమంది పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. దాచుకున్న సొమ్మంతా పెట్టినవాళ్లు వాళ్లలో ఉన్నారు. కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి. నేనడిగేది వేరు. ప్రతి నెలా క్రమం తప్పకుండా ఇంత లాభం వస్తుందని ఎవరైనా అన్నరోజునే మన మసీదుల్లో ఒక్క ప్రశ్న లేచి ఉండాల్సింది. నష్టం వస్తే ఏ నెలలో చెబుతావు? నష్టం రాని వ్యాపారం ముదారబా కాదు. ఖాయమైన నెలసరి లాభం మిత్తికి వేసిన కొత్త బురఖా. గడ్డాలూ ఖురాన్ తిలావత్‌తో మొదలయ్యే సభలూ చూసి మనవాళ్లు ఆ ప్రశ్న మరిచిపోయారు. హలాల్‌ను నియమంగా కాక గుర్తింపుగా, పొట్లం మీద ముద్రగా చూడటం వల్ల జరిగింది ఇది. అస్తిత్వం గురించి రాసే మనమంతా దీన్ని పట్టించుకోవాలి. గుర్తు మిగిలి, దాని వెనక న్యాయం పోతే ఆ గుర్తుతో వ్యాపారం చేసేవాడే బాగుపడతాడు.

వడ్డీ లేకుండా బంగారం కుదువపెట్టుకుని అప్పిచ్చే బైతుల్‌మాల్‌లు, ముస్లిం ఫండ్‌లు మన దగ్గరున్నాయి. దేవ్‌బంద్ ముస్లిం ఫండ్ 1961 నాటిది, హైదరాబాద్ తూర్ బైతుల్‌మాల్ 1966 నాటిది. ఇవి చేసిన మేలు చిన్నది కాదు. గిర్వీ దుకాణంలో మునిగిపోయే పుస్తెలు, గాజులు వీటివల్ల ఇళ్లకు తిరిగొచ్చాయి. కానీ ఇట్లాంటి ఫండ్‌లలో కొన్ని ఖర్చుల కోసం అమ్మే దరఖాస్తు ఫారం ధరను అప్పు మొత్తాన్నిబట్టి పెంచుతాయి. వెయ్యి రూపాయల అప్పుకూ పదివేల అప్పుకూ ఫారం కాగితం ఒక్కటే, రాసే గుమాస్తా ఒక్కడే. మరి ధర ఎందుకు మారాలి? ఈ ప్రశ్న వాటిని మూసేయమనడం కాదు, నిటారుగా నిలబడమనడం. ఇంకో సంగతి. బంగారం ఉన్నవాళ్లకే ఆ తలుపు తెరుచుకుంటుంది. తోపుడుబండి వాడి ఇంట్లో బంగారం ఎక్కడిది?

అతనికి మిగిలింది గిరిగిరి. పొద్దున తొమ్మిది వందలు తీసుకుని, సాయంత్రం వెయ్యి కట్టాలి. రోజుకు నూటికి పదకొండు పైన. ఇచ్చేవాడు ఏ మతమైనా కావచ్చు, మనవాడూ కావచ్చు. బస్తీల్లో తిరిగే విలేకరికి పదేపదే కనిపించేది ఏమంటే, ఈ అప్పు తీసుకున్న ముస్లింకు రెండు భారాలు. ఒకటి మిత్తి. రెండోది గునాహ్. వడ్డీ తినేవాడితోపాటు ఇచ్చేవాడూ రాసేవాడూ సాక్షీ పాపంలో సమానమని చెప్పే హదీసు ఉంది. దాన్ని దాటవేయాలని నేను అనను. కానీ ఆ హదీసు బీదల బస్తీ మసీదులో వినిపించినంత గట్టిగా షాపింగ్ కాంప్లెక్సు యజమాని కూర్చునే మొదటి సఫ్‌లో వినిపిస్తోందా? పదహారో శతాబ్దపు హనఫీ పండితుడు ఇబ్నె నుజైమ్ అవసరంలో చిక్కుకున్నవాడు లాభమిచ్చి అప్పు తెచ్చుకోవచ్చని రాశాడు. గతిలేనివాడికి ఫిఖ్ తెరిచిపెట్టిన తలుపు అది. ఆ తలుపు ఉందని అతనికి చెప్పేవాళ్లేరీ? పాపం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ అప్పు ఎందుకు తెచ్చాడో కూడా అడగాలి. ఆస్పత్రికి కొంత. సరుకుకు కొంత. ఎక్కువ భాగం బిడ్డ పెళ్లికి. ఘోడే జోడే రకమ్ పేరుతో పెళ్లికొడుకు తరఫువాళ్లు అడిగిన డబ్బుకు. షరియత్‌లో మహర్ ఇవ్వాల్సింది మగవాడు. మనం దాన్ని కాగితం మీద ఉధార్ పెట్టి, ఆడపిల్ల తండ్రి చేత నగదు కట్టిస్తున్నాం. తండ్రి కట్టే మిత్తి హరామ్ అయింది, అల్లుడు లెక్కపెట్టుకున్న నోట్లు తోహ్ఫా అయ్యాయి. అదే షామియానా కింద బిర్యానీ తిని, ఖాజీ సాహెబ్ దువా చేసి వెళ్లిపోతాడు. వడ్డీ మీద ఖుత్బా ఇచ్చేవాళ్లు ఆ వడ్డీ పుట్టే చోటు మీద ఇవ్వరు.

ఇక సెక్యులర్ మిత్రులకు ఒక మాట. ముస్లింలు మతం వల్లే బ్యాంకులకు దూరంగా ఉండి వెనకబడ్డారని తేలిగ్గా రాస్తారు. 2006 సచార్ నివేదిక చదవండి. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను నెగటివ్ జోన్‌లుగా గుర్తించి అక్కడ అప్పులు సులువుగా ఇవ్వని సంగతి అందులో ఉంది. మనం బ్యాంకును వద్దనుకున్న దానికన్నా బ్యాంకు మనల్ని వద్దనుకున్నది ఎక్కువ. మనువు నూటికి అయిదన్నాడు. జోన్ గీసినవాడు అసలు ఇవ్వనే ఇవ్వనన్నాడు. అలాగే 2010లో ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యల వార్తలొచ్చి ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ అప్పుల్లో చిక్కుకున్న ఆడవాళ్లు అన్ని మతాల, కులాలవాళ్లు. వాళ్లకు కావలసింది కూడా మన ఫిఖ్ చెప్పిన మాటే. పంట పోయినప్పుడు, పని పోయినప్పుడు, అప్పిచ్చినవాడూ కొంత నష్టపోవాలి. దీన్ని ముస్లింల ఆచారమని పక్కకు నెట్టకుండా, రైతు ఆత్మహత్యల నేల మీద నిలబడి ఒక ఆర్థిక న్యాయసూత్రంగా చర్చించగలరా?

మనవాళ్లకూ ఒక మాట. రిబా ఆయత్‌లు అందరికీ కంఠతా వచ్చు. వాటి వెంటనే ఉన్న 280వ ఆయత్ మాత్రం మన నోళ్లలో తక్కువ వినిపిస్తుంది. బాకీపడ్డవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు దొరికేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని దాని భావం. తొమ్మిదో సూరా 60వ ఆయత్ జకాత్ అందాల్సిన ఎనిమిది వర్గాలను చెబుతుంది. అందులో గారిమీన్ ఒకరు. అంటే అప్పుల్లో మునిగినవాళ్లు. ప్రతి రంజాన్‌లో మన నగరాల్లో జకాత్ వసూలవుతుంది. బిర్యానీ పొట్లాలకు, రేషన్ సంచులకు, మదర్సాల రసీదు బుక్కులకు పోతుంది. మొహల్లాలో గిరిగిరి కట్టేవాళ్ల పేర్లు రాసుకుని, ముందు వాళ్ల అసలు తీర్చి, వాళ్ల బండికి ముదారబా పెట్టుబడి ఇచ్చి, నష్టమొస్తే భరించే మసీదు కమిటీలు ఎన్ని ఉన్నాయి? ఆ పని రిజర్వ్ బ్యాంకు అనుమతి అడగదు, పార్లమెంటు చట్టం అడగదు, గల్ఫ్ డబ్బూ అడగదు. ఒక రిజిస్టరు, ఇద్దరు నిజాయితీపరులు, నష్టాన్ని భరించే మనసు చాలు. అది మొదలయ్యేదాకా లాభం హలాల్, మిత్తి హరామ్ అన్న మాట ఉన్నవాడికి ఇజ్జత్‌గా, లేనివాడికి శిక్షగా నడుస్తూనే ఉంటుంది.